చీటీతో ఎంపికైన పౌరుల మాట పార్టీలకు ఎప్పుడు నచ్చుతుంది?

కెనడాలోని బ్రిటిష్ కొలంబియా రాష్ట్రంలో 2004లో 160 మంది సామాన్య పౌరులు నెలల తరబడి కూర్చుని, ఎన్నికల పద్ధతిని మార్చాలని సిఫారసు చేశారు. ఆ పద్ధతి ఇంతవరకూ మారలేదు. ఐర్లాండ్‌లో 99 మంది పౌరులు గర్భస్రావ నిషేధంపై 2017లో చెప్పిన మాట మరుసటి ఏడాదికే రాజ్యాంగ సవరణకు దారితీసింది. ఫ్రాన్స్‌లో 150 మంది 2020లో వాతావరణంపై 149 ప్రతిపాదనలు ఇస్తే, వాటిలో ఏ మేరకు అమలైనట్టన్న వాదన ఇప్పటికీ తెగలేదు. మూడు చోట్లా అనుసరించిన పద్ధతి దాదాపు ఒకటే అయినా ఫలితాలు ఇంత దూరంగా ఎందుకున్నాయో తెలియాలంటే, చర్చించిన పౌరులకంటే ముందు వాళ్లను పిలిపించిన పార్టీల లెక్కలను చూడాలి.

ఓటుకు ముందు జరగాల్సిన పని

సమాలోచన ప్రజాస్వామ్యం మూలంలో ఒక సాదా వాదన ఉంది. ఒక నిర్ణయం అందరికీ చెల్లుబాటు కావాలంటే ఓట్లు లెక్కపెట్టడంతో సరిపోదు. ఆ నిర్ణయం ఎవరి బతుకులను తాకుతుందో వాళ్లు తగిన సమాచారంతో చర్చించాలి, ఒకరి కారణాలు ఒకరు వినాలి, అవసరమైతే మనసు మార్చుకునే వీలు కూడా వాళ్లకు ఉండాలి. జర్మన్ తత్వవేత్త యూర్గన్ హేబర్మాస్ వంటివారు దీనికి సిద్ధాంత పునాది వేస్తే, అమెరికన్ ఆచార్యుడు జేమ్స్ ఫిష్కిన్ 1988 నుంచి దీన్ని ఆచరణలో పరీక్షించే పద్ధతులు రూపొందిస్తూ వచ్చారు.

ఆచరణలో ఎక్కువగా కనిపించే రూపం పౌరసభ. జనాభాకు నమూనాగా ఉండేలా కొందరిని లాటరీ ద్వారా ఎంపిక చేస్తారు, నిపుణులను, ఇరుపక్షాల వాదులను వాళ్ల ముందుకు రప్పిస్తారు, చిన్న చిన్న బృందాల్లో చర్చ జరిపించి చివరికి సిఫారసులు తీసుకుంటారు. సర్వే మనిషికి ఆ నిమిషంలో తోచిన జవాబును నమోదు చేస్తుంది. బహిరంగ విచారణకు సాధారణంగా ఆ విషయం మీద ముందే పట్టుదల ఉన్నవాళ్లే వస్తారు. రెఫరెండం అందరినీ అడుగుతుంది గానీ అవునా కాదా అని మాత్రమే అడుగుతుంది. పౌరసభ అడిగేది కొద్దిమందినే అయినా వాళ్లకు సమయం ఇస్తుంది.

లాటరీ అనగానే కళ్లు మూసుకుని చీటీ తీయడమే అనుకుంటే పొరపాటు. బ్రిటన్‌లో పార్లమెంటు కమిటీలు ఆరు కలిసి 2020లో ఏర్పాటు చేసిన వాతావరణ పౌరసభనే తీసుకుందాం. మొదట 30,000 ఇళ్లకు ఉత్తరాలు వెళ్లాయి. వస్తామని జవాబిచ్చినవారు 1,748 మంది, అంటే నూటికి ఆరుగురు కూడా లేరు. ఈ కొద్దిమందిలో వాతావరణం గురించి ముందే ఆందోళన ఉన్నవాళ్లు ఎక్కువగా ఉండే ప్రమాదం ఉంది కాబట్టి, వయసు, లింగం, చదువు, ప్రాంతం వంటి వాటితో పాటు వాతావరణ మార్పు మీద ఆందోళన ఏ మేరకు ఉందన్నది కూడా కొలమానంగా పెట్టుకుని, దేశ జనాభాలోని పాళ్లకు సరిపోయేలా కంప్యూటర్‌తో ఎంపిక చేశారు. చివరికి సభలో మిగిలింది 108 మంది. ఈ కొలమానాలను ఎవరు నిర్ణయిస్తారన్నది పైకి సాంకేతిక విషయంలా కనిపించినా, పార్టీల మొదటి తగాదా చాలాసార్లు ఇక్కడే మొదలవుతుంది.

పార్టీ వ్యవస్థకు దీనితో ఉన్న పాత చిక్కు

ఈ చిక్కు పౌరసభలకంటే చాలా పాతది. బ్రిటిష్ రాజకీయవేత్త ఎడ్మండ్ బర్క్ 1770లో రాజకీయ పార్టీని సమర్థిస్తూ, ఒక సూత్రాన్ని నమ్మినవాళ్లు దేశహితం కోసం కలిసి పనిచేయడానికి ఏర్పడే సంఘమని దాన్ని నిర్వచించారు. అదే మనిషి 1774లో బ్రిస్టల్ ఓటర్లతో మాట్లాడుతూ, పార్లమెంటు ఒకే జాతి మొత్తానికి చెందిన ఆలోచనా సభ అని, అక్కడికి వెళ్లే సభ్యుడు ఎవరి ఆదేశాలకో కట్టుబడి ఉండకుండా తన వివేచన మేరకు నడవాలని వాదించారు. చర్చకంటే ముందే నిర్ణయం ఖాయమైపోతే ఇక చర్చకు అర్థమేమిటన్నది ఆయన ప్రశ్న. (ఆరేళ్ల తర్వాత బ్రిస్టల్‌లో గెలిచే ఆశ కనిపించక ఆయన పోటీ నుంచి తప్పుకున్నారు.)

బర్క్ చెప్పిన ఈ రెండు మాటలూ విప్ దగ్గర ఢీకొంటాయి. పార్టీ అన్నాక మేనిఫెస్టో ఉంటుంది, దానికి ఓట్లు వేసినవాళ్లుంటారు, ఇచ్చిన మాట నిలబెట్టుకోవడానికి సభ్యులందరూ ఒకే వైపు ఓటేయాలి. సమాలోచన కోరేది సరిగ్గా దీనికి ఎదురు గుణం, అంటే విన్నదాన్ని బట్టి మారగలగడం. సభలో ప్రత్యర్థి వాదన విని మనసు మార్చుకున్న సభ్యుణ్ని సమాలోచన సిద్ధాంతం ఆదర్శంగా చూస్తే, పార్టీ క్రమశిక్షణ సంఘం ధిక్కారంగా చూస్తుంది.

పార్టీల వైపు వాదనలోనూ బలముంది. పౌరసభ ఒక్క ప్రశ్నను తీసుకుని దానిమీదే ఆలోచిస్తుంది. పార్టీ మాత్రం ఆరోగ్యం, పన్నులు, రోడ్లు, పెన్షన్లు అన్నిటినీ ఒకే బడ్జెట్‌లో ఇమిడ్చి, ఒకదాని కోసం ఇంకోదాన్ని ఎందుకు తగ్గించిందో జవాబు చెప్పుకోవాలి. పౌరసభ సభ్యులు పని ముగించి ఇంటికి వెళ్లిపోతారు, వాళ్ల సిఫారసు వికటిస్తే వచ్చే ఎన్నికల్లో ఓడించడానికి వాళ్ల పేర్లు బ్యాలెట్‌లో ఉండవు. జవాబుదారీ లేనివారికి అధికారం ఇవ్వకూడదన్న అభ్యంతరాన్ని స్వార్థపు మాటగా కొట్టిపారేయలేం.

ఐర్లాండ్: విప్ విఫలమైన చోట

ఈ విషయంలో అందరూ ఉదాహరణగా చూపే దేశం ఐర్లాండ్. అయితే అక్కడి కథను పౌరుల విజయంగా మాత్రమే చెప్పడం అలవాటైపోయింది. పార్టీల వైపు నుంచి చూస్తే దాని వరస వేరుగా ఉంటుంది.

గర్భస్థ శిశువు ప్రాణానికి తల్లి ప్రాణంతో సమానమైన హక్కు కల్పిస్తూ 1983లో ఐర్లాండ్ రాజ్యాంగానికి ఎనిమిదో సవరణ చేసింది. దాన్ని రద్దు చేయడానికి పెద్ద పార్టీలు రెండూ, ఫీనా గేల్ గానీ ఫియనా ఫాల్ గానీ, దశాబ్దాల పాటు సాహసించలేదు. రెండింటి ఓటర్లూ, సభ్యులూ ఈ విషయంలో నిలువునా చీలి ఉండటమే కారణం. తల్లి ప్రాణానికి ముప్పున్నప్పుడు గర్భస్రావానికి వీలిచ్చే పరిమితమైన చట్టాన్ని 2013లో ఫీనా గేల్ నాయకత్వంలోని ప్రభుత్వం తెచ్చి, తన సభ్యులకు విప్ జారీ చేసింది. ఒక సహాయ మంత్రితో సహా పలువురు ధిక్కరించి పార్లమెంటరీ పార్టీకి దూరమయ్యారు. చిన్న చట్టానికే ఇంత నష్టమైతే రాజ్యాంగాన్ని కదిపితే ఏమవుతుందో నాయకత్వానికి అర్థమైంది.

అప్పటికే వాళ్ల చేతిలో ఒక అనుభవం ఉంది. ఫీనా గేల్, లేబర్ పార్టీల సంకీర్ణం 2012లో ఏర్పాటు చేసిన రాజ్యాంగ సమావేశంలో 66 మంది పౌరులు, 33 మంది రాజకీయ నాయకులు, ఒక అధ్యక్షుడు ఉండేవారు. స్వలింగ వివాహాన్ని అందులో 79 శాతం మంది సమర్థించారు, 2015 రెఫరెండంలో 62 శాతం ఓటర్లు ఆమోదించారు. పౌరుల పక్కనే కూర్చుని వాదనలు విన్న 33 మంది నాయకులు తిరిగి తమ పార్టీల్లోకి వెళ్లాక ఆ సిఫారసు వాళ్లకు పరాయిది కాలేదు.

2016లో కథ మరోలా నడిచింది. మైనారిటీ ప్రభుత్వాన్ని నడుపుతున్న ప్రధాని ఎండా కెనీ గర్భస్రావ ప్రశ్నను పౌరసభకు అప్పగించారు. ఈసారి రాజకీయ నాయకులెవరూ లేరు, 99 మంది పౌరులు, అధ్యక్షురాలిగా ఒక సుప్రీంకోర్టు న్యాయమూర్తి. నిర్ణయం తీసుకునే ధైర్యం లేక వాయిదా వేస్తున్నారన్న విమర్శ అప్పట్లో గట్టిగానే వచ్చింది, అందులో నిజం లేకపోలేదు. సభలో 64 శాతం మంది, కారణాలు అడగకుండా గర్భస్రావానికి అనుమతించాలని చెప్పడంతో నాయకులు ఉలిక్కిపడ్డారు. వెంటనే ఆ నివేదిక ఉభయ సభల సంయుక్త కమిటీకి వెళ్లింది. కమిటీ సభ్యులు కూడా నెలల పాటు అవే సాక్ష్యాలు, అవే వైద్యుల వాదనలు విన్నారు. 2018లో రెండు పెద్ద పార్టీలూ తమ సభ్యులకు మనస్సాక్షి మేరకు ఓటేసే స్వేచ్ఛ ఇచ్చాయి. ఫియనా ఫాల్ నాయకుడు మిహాల్ మార్టిన్ ఎనిమిదో సవరణ రద్దును సమర్థిస్తే ఆయన పార్టీలోనే చాలామంది ఎదురు నిలిచారు, అయినా పార్టీ చీలలేదు. 2018 మే 25న 66.4 శాతం ఓటర్లు రద్దుకు ఓటేశారు.

నా దృష్టిలో ఇక్కడ గమనించాల్సింది ఆ సంయుక్త కమిటీ. పౌరసభ చెప్పిందే తడవుగా చట్టం పుట్టలేదు. ఎన్నికైన సభ్యులు అదే ప్రక్రియను తామూ నడిచాకే పుట్టింది.

ఐర్లాండ్‌లో ప్రతిసారీ ఇలా జరగలేదు. రాజ్యాంగ సమావేశం సిఫారసుతో 2015లోనే పెట్టిన మరో ప్రశ్న, అంటే దేశాధ్యక్ష పదవికి పోటీచేసే వయసును 35 నుంచి 21కి తగ్గించడం, 73 శాతం వ్యతిరేక ఓట్లతో వీగిపోయింది. కుటుంబం, సంరక్షణ అంశాలపై 2024 మార్చిలో పెట్టిన రెండు సవరణలూ ఓడిపోయాయి. పెద్ద పార్టీలన్నీ సమర్థించినా, పౌరసభ సూచించినదానికంటే ప్రభుత్వం రాసిన సంరక్షణ సవరణ పాఠం బలహీనంగా ఉందన్న విమర్శ ప్రచారంలో గట్టిగా వినిపించింది.

ఒక ఊహా నగరంలో లెక్క వేసి చూస్తే

పార్టీ నాయకత్వం పౌరసభ వైపు ఎప్పుడు మొగ్గుతుందో తెలియడానికి ఒక లెక్క తీసుకుందాం. ఒక నగర సభలో 100 స్థానాలు. అధికార పార్టీకి 54, ప్రతిపక్షానికి 38, చిన్న పార్టీకి 8. నగర కేంద్రంలోకి వచ్చే కార్లపై రుసుము విధించాలా అన్నది ప్రశ్న. అధికార పార్టీలో 30 మంది అనుకూలం, 24 మంది వ్యతిరేకం. ప్రతిపక్షం పైకి వ్యతిరేకమే అయినా అందులో 14 మందికి లోలోపల ఇష్టమే. చిన్న పార్టీ మొత్తం అనుకూలం.

ఎవరికి వారు స్వేచ్ఛగా ఓటేస్తే 30, 14, 8 కలిసి 52 ఓట్లతో ప్రతిపాదన నెగ్గుతుంది. కానీ ప్రతిపక్షం విప్ జారీ చేసిన మరుక్షణం ఆ 14 ఓట్లూ పోయి 38కి పడిపోతుంది. అధికార పార్టీ ఎదురు విప్‌తో 62 తెచ్చుకోవచ్చు గానీ, ఆ 24 మంది నియోజకవర్గాల్లో వచ్చే ఆగ్రహాన్ని పార్టీ మోయాలి, వాళ్లలో కొందరు తిరగబడినా తట్టుకోవాలి. ఈ పరిస్థితిలో పౌరసభ నాయకుడికి మూడు లాభాలు చేకూరుస్తుంది: ఆరునెలల వ్యవధి దొరుకుతుంది, ఊగిసలాడే సభ్యులకు మనసు మార్చుకోవడానికి ఒక గౌరవప్రదమైన కారణం దొరుకుతుంది, రేపు ప్రజలు తిట్టినా ఆ తిట్లను పంచుకునేవాళ్లు దొరుకుతారు.

ఇప్పుడు అంకెలు మార్చి చూద్దాం. అధికార పార్టీలోని 54 మందీ అనుకూలమే అనుకుంటే చేతిలో 62 ఓట్లుండగా పౌరసభ వల్ల ఆలస్యమే తప్ప ఒరిగేదేమీ ఉండదు, పైగా సభ కాదంటే ఇరుకున పడాలి. 54 మందీ వ్యతిరేకమైతే, తమకు నచ్చని జవాబు రాగల ప్రశ్నను కోరి అడగరు. చిన్న పార్టీది వేరే పరిస్థితి. 8 స్థానాలతో చర్చాంశాన్ని తానై నిర్ణయించలేదు కాబట్టి పౌరసభ ఏ రోజైనా దానికి లాభమే. ప్రతిపక్షం మాత్రం, పాల్గొంటే ఫలితంలో వాటా మోయాలి, బహిష్కరిస్తే విమర్శించే హక్కు మిగులుతుంది అన్న తూకంలో ఉంటుంది.

పామూ చావకుండా కర్రా విరగకుండా బయటపడటానికే పార్టీలు పౌరసభను పిలుస్తాయని దీన్నిబట్టి అనవచ్చు. అనవచ్చు గానీ, పిలిచిన ఉద్దేశం ఏదైనా జరిగిన చర్చ మంచిదే కావచ్చు. ఐర్లాండ్‌లో అదే జరిగింది.

పార్టీల బతుకుదెరువును తాకే ప్రశ్న

ఎన్నికల పద్ధతి మార్పు మిగతా అంశాల్లాంటిది కాదు, ఎందుకంటే ఏ పార్టీకి ఎన్ని స్థానాలన్నది దానిమీదే ఆధారపడి ఉంటుంది. బ్రిటిష్ కొలంబియాలో 1996 ఎన్నికల్లో లిబరల్ పార్టీకి ఓట్లు ఎక్కువ వచ్చినా అధికారం న్యూ డెమొక్రటిక్ పార్టీకి దక్కింది. ఆ మంటతో లిబరల్ నాయకుడు గోర్డన్ క్యాంప్‌బెల్ పౌరసభ హామీ ఇచ్చారు. తీరా 2001లో అదే పాత పద్ధతి ఆయన పార్టీకి 79 స్థానాల్లో 77 కట్టబెట్టింది. అయినా మాట తప్పకుండా 2004లో సభ ఏర్పాటు చేయడం మెచ్చుకోదగ్గదే, ఎందుకంటే తనను అంత ఎత్తుకు చేర్చిన నిచ్చెనను పరీక్షకు పెట్టే నాయకుడు అరుదు.

అయితే రెఫరెండం నెగ్గాలంటే 60 శాతం ఓట్లు, 60 శాతం నియోజకవర్గాల్లో ఆధిక్యం రావాలని షరతు పెట్టారు. 2005 మే 17న 79 నియోజకవర్గాల్లో 77 ఆమోదించాయి, మొత్తం ఓట్లలో 57.7 శాతం అనుకూలంగా పడ్డాయి. గీత 60 దగ్గర ఉంది కాబట్టి ఓడిపోయింది. 2009లో మళ్లీ అడిగితే మద్దతు 39 శాతానికి జారిపోయింది. రాజ్యాంగ స్థాయి మార్పుకు పెద్ద ఆధిక్యం కావాలనడం సబబేనని ఒక వాదన. ఆ ప్రభుత్వమే అంతకు తక్కువ ఓట్లతో పాలిస్తుండగా ఈ గీత ఎందుకని ఇంకో వాదన. నెదర్లాండ్స్‌లోనైతే 2006లో ఇదే అంశంపై పౌరసభను పెట్టించిన డి66 పార్టీ నివేదిక రాకముందే ప్రభుత్వం నుంచి బయటకు వచ్చేసింది, తర్వాతి ప్రభుత్వం నివేదికను పక్కన పెట్టింది. దిక్కయిన పార్టీ లేని సిఫారసుకు అంతకంటే దారి ఉండదు.

ఫ్రాన్స్: మాట ముందు ఇచ్చి, వడపోత తర్వాత

ఇంధన పన్నుపై మొదలైన పసుపు చొక్కాల నిరసన ఉద్యమం తర్వాత 2019లో అధ్యక్షుడు మాక్రాన్ 150 మందితో వాతావరణ సమావేశం ఏర్పాటు చేసి, వాళ్ల ప్రతిపాదనలను వడపోత లేకుండా పార్లమెంటుకో, రెఫరెండానికో, నేరుగా అమలుకో పంపుతానన్నారు. నివేదిక వచ్చాక 149లో మూడింటిని తోసిపుచ్చి మిగతావి అంగీకరించినట్టు ప్రకటించారు. అక్కణ్నుంచి మంత్రిత్వ శాఖలు, న్యాయ సలహాదారులు, పార్లమెంటు కమిటీలు, పరిశ్రమల ఒత్తిళ్లు దాటుకుంటూ 2021 ఆగస్టులో చట్టం వచ్చేసరికి చాలా ప్రతిపాదనలు పలచబడ్డాయి. అంతకుముందే, ఆ ఏడాది ఫిబ్రవరిలో, తమ ప్రతిపాదనలను ప్రభుత్వం ఏ మేరకు పట్టించుకుందన్న ప్రశ్నకు సభ్యులు పదికి సగటున 3.3 మార్కులు వేశారు.

అప్పటి ఫ్రాన్స్ పార్లమెంటు దిగువ సభలో ఆధిక్యం అధ్యక్షుడి పార్టీ కూటమిదే. ఎన్నికైన సభ్యులు పౌరుల మాటకు ముద్ర మాత్రమే వేయాలా అన్న ప్రశ్న న్యాయమైనదే. చిక్కల్లా, ఆ ప్రశ్నకు జవాబు తేల్చుకోకుండానే వడపోత ఉండదని మాట ఇవ్వడంలో ఉంది.

ఇది ఏ పక్షం ఆయుధం?

పౌరసభలను పర్యావరణ పార్టీలు, వామపక్ష పార్టీలు ఎక్కువగా కోరతాయన్న అభిప్రాయానికి ఆధారముంది. జర్మనీ పార్లమెంటు 2023లో ఆహారంపై 160 మందితో పౌరసభ పెట్టాలని నిర్ణయించినప్పుడు సోషల్ డెమొక్రాట్లు, గ్రీన్స్, ఫ్రీ డెమొక్రాట్లు, వామపక్షం అనుకూలంగా, క్రిస్టియన్ డెమొక్రాట్ల కూటమి, తీవ్ర మితవాద పార్టీ ఏఎఫ్‌డీ వ్యతిరేకంగా ఓటేశాయి. కానీ అంతకు రెండేళ్ల ముందు ప్రపంచంలో జర్మనీ పాత్రపై జరిగిన పౌరసభకు అండగా నిలిచిన పార్లమెంటు అధ్యక్షుడు వోల్ఫ్‌గాంగ్ షాయబ్లె ఆ క్రిస్టియన్ డెమొక్రాట్ నాయకుడే. అప్పుడు ఆయన పార్టీ అధికారంలో ఉంది, 2023లో ప్రతిపక్షంలో ఉంది.

స్కాట్లాండ్‌లో 2019లో స్కాటిష్ నేషనల్ పార్టీ (ఎస్‌ఎన్‌పీ) ప్రభుత్వం దేశ భవిష్యత్తుపై పౌరసభ పెడితే, అది స్వాతంత్ర్య డిమాండ్‌కు దొడ్డిదారి అని కన్సర్వేటివ్‌లు, లిబరల్ డెమొక్రాట్లు దూరంగా ఉన్నారు. ఆస్ట్రేలియా ప్రధాని జూలియా గిలార్డ్ 2010 ఎన్నికల ప్రచారంలో వాతావరణంపై 150 మంది పౌరసభ ప్రతిపాదిస్తే, నిర్ణయాన్ని తప్పించుకునే ఎత్తు అని ఎగతాళి చేశారు. ఎన్నికల తర్వాత ఆమె పార్టీయే దాన్ని వదిలేసింది. మాడ్రిడ్‌లో వామపక్ష పాలకవర్గం 2019 మొదట్లో 49 మంది పౌరులతో శాశ్వత పరిశీలక మండలి ఏర్పాటు చేస్తే, అదే ఏడాది అధికారంలోకి వచ్చిన మితవాద పాపులర్ పార్టీ పాలకవర్గం కొద్దికాలంలోనే దాని స్వరూపం మార్చేసింది.

విమర్శ వామపక్షం వైపు నుంచీ ఉంది. వీధుల్లో పోరాడాల్సిన కోపాన్ని గదిలో కూర్చోబెట్టి చల్లార్చే పద్ధతి ఇదని, ప్రశ్నను ప్రభుత్వమే రాసినప్పుడు జవాబు స్వేచ్ఛ నామమాత్రమని ఆ వాదన. చైనా దీనికి బలమైన ఉదాహరణ: జెజియాంగ్ రాష్ట్రంలోని జెగువొ పట్టణంలో 2005లో లాటరీతో ఎంపికైన నివాసులు 30 అభివృద్ధి పనులపై చర్చించి ప్రాధాన్యాలు చెబితే, వాటిని బట్టే 12 పనులు చేపట్టారు. పని నిజంగానే జరిగింది. కమ్యూనిస్టు పార్టీ అధికారంలో ఉండాలా అన్న ప్రశ్న మాత్రం ఆ 30లో లేదు.

పార్టీ దయ అవసరం లేకుండా

బెల్జియంలోని జర్మన్ భాషా సమాజం అనే స్వయంపాలిత ప్రాంతానికి 25 మంది సభ్యుల పార్లమెంటు ఉంది. 2019 ఫిబ్రవరిలో ఆ పార్లమెంటు ఏకగ్రీవంగా ఒక శాశ్వత ఏర్పాటు చేసుకుంది. లాటరీతో వచ్చిన 24 మంది పౌర మండలి ఏ అంశంపై చర్చ జరగాలో నిర్ణయిస్తుంది, ఆ అంశంపై 25 నుంచి 50 మంది పౌరసభ కూర్చుంటుంది, సిఫారసును అంగీకరించకపోతే పార్లమెంటు కారణం చెప్పాలి. ప్రశ్న రాసే అధికారం పార్టీల చేతి నుంచి జారడమే ఇందులో అసలు మార్పు. బ్రస్సెల్స్ ఇంకో దారి పట్టింది. అక్కడ 45 మంది పౌరులు, 15 మంది ఎన్నికైన సభ్యులు ఒకే కమిటీలో కూర్చుంటారు, వెయ్యి మంది సంతకాలతో పౌరులే అంశాన్ని సూచించవచ్చు. అక్కడే 2019లో అగోరా అనే ఉద్యమం, పౌరసభ చెప్పినదాన్నే సభలో వినిపిస్తామన్న ఒకే హామీతో పోటీచేసి ఒక స్థానం గెలిచింది. సొంత మేనిఫెస్టో లేని పార్టీని పార్టీ అనవచ్చా అన్నది ఆసక్తికరమైన ప్రశ్నే.

సొంత గుమ్మం లోపల

ప్రభుత్వ విధానాలపై పౌరుల చర్చను కోరే పార్టీలు, తమ టికెట్ల పంపిణీలోనూ విధాన రచనలోనూ అదే పద్ధతిని పాటించడం చాలా అరుదు. ఉదాహరణలు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. 2013లో పుట్టిన డెన్మార్క్ పార్టీ ఆల్టర్నేటివ్ తన కార్యక్రమాన్ని ఎవరైనా వచ్చి చర్చించగల బహిరంగ కార్యశాలల్లో రూపొందించింది, 2015లో 4.8 శాతం ఓట్లతో 9 స్థానాలు గెలిచింది, 2019లో 5కు తగ్గింది. ఇటలీలో ఫైవ్ స్టార్ ఉద్యమం సభ్యులందరికీ ఆన్‌లైన్ ఓటు ఇచ్చింది గానీ, నాయకత్వం పెట్టిన ప్రశ్నకు అవునో కాదో చెప్పడమే అందులో ఎక్కువ.

అన్నిటికంటే సాహసం చేసింది గ్రీస్‌లోని పాసోక్ పార్టీ. జార్జ్ పపాండ్రేయు నాయకత్వంలో 2006లో ఆ పార్టీ ఏథెన్స్ శివారులోని మరూసీ మేయర్ అభ్యర్థిని ఎంపిక చేసే పనిని లాటరీతో వచ్చిన స్థానిక పౌరులకు అప్పగించింది. ఆరుగురు ఆశావహులు వాళ్ల ముందు నిలబడి స్థానిక సమస్యలపై ప్రశ్నలకు జవాబులు చెప్పారు, ఆ తర్వాత రహస్య ఓటింగ్‌లో అభ్యర్థి ఖరారయ్యారు. మరుసటి ఏడాది అదే పార్టీ నాయకత్వానికి పోటీ వచ్చినప్పుడు మాత్రం చర్చా సభ లేదు, నమూనా లేదు. సభ్యులూ అభిమానులూ వరసలో నిలబడి ఓటేశారు, పపాండ్రేయు గెలిచారు.